ఓడుతున్న జట్లకు క్వార్టర్‌బ్యాక్ మీదే గంపెడాశ ఎందుకు? ఎన్‌ఎఫ్‌ఎల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, ముఖ్యంగా అక్కడే చదువుకుంటున్న పిల్లలున్న ఇళ్లలో, సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఆదివారాలు అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటలతోనే గడిచిపోతున్నాయి. ఆ ఆటను కొత్తగా చూడటం మొదలుపెట్టిన వారిని ఒక విషయం తికమక పెడుతుంది. ఏళ్ల తరబడి ఓడుతున్న జట్టు అభిమానులు కూడా ఏప్రిల్ వచ్చేసరికి, ఇంకా వృత్తి ఆటలో అడుగే పెట్టని ఒక కళాశాల కుర్రాడి పేరు తలచుకుని పండగ చేసుకుంటారు. ఆ ఆశ ఎక్కడ పుడుతుందో, ఎంతవరకు నిలుస్తుందో ఈ ప్రశ్నోత్తరాలు వివరిస్తాయి.

జట్టులో అంతమంది ఆటగాళ్లుండగా ఒక్క క్వార్టర్‌బ్యాక్ మీదే అంత ఆశ ఎందుకు?

జట్టు దాడి చేస్తున్నంతసేపూ దాదాపు ప్రతి ఎత్తులోనూ (ప్లే, అంటే ఒక్కో దాడి ప్రయత్నం) బంతి ముందుగా చేరేది అతని చేతికే. కోచ్ చెప్పిన ఎత్తు హెల్మెట్‌లోని రేడియో ద్వారా అతనికి వినిపిస్తుంది, కానీ ఆట గడియారంలో 15 సెకన్లు మిగిలి ఉండగానే ఆ రేడియో మూగబోతుంది. ఆ తరువాత ఎదుటి జట్టు రక్షకులు ఎలా నిలబడ్డారో గమనించి, ఎత్తును అలాగే ఉంచాలో మార్చాలో నిర్ణయించి, బంతి అందిన రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవలసినది అతనొక్కడే. క్రికెట్‌లో కెప్టెనూ ఓపెనింగ్ బ్యాటరూ ఒక్కరే అయి, ఇన్నింగ్స్‌లో ప్రతి బంతినీ అతనే ఎదుర్కోవలసి వస్తే ఎంత భారమో ఇంచుమించు అంత భారం. 2024 సీజన్ ముగిసేదాకా షికాగో బేర్స్ చరిత్రలో ఏ క్వార్టర్‌బ్యాక్ కూడా ఒక సీజన్‌లో తాను విసిరిన బంతులతో జట్టును మొత్తం 4,000 గజాలు ముందుకు నడపలేదంటే, లీగ్ పుట్టిననాటి నుంచి ఉన్న ఆ జట్టు ఈ ఒక్క స్థానం కోసం ఎన్ని తరాలుగా వెతుకుతోందో ఊహించుకోవచ్చు.

డ్రాఫ్ట్‌లో ఎవరు ముందు ఎంచుకోవాలో ఎలా నిర్ణయిస్తారు?

కళాశాల ఆటగాళ్లను 32 జట్లు వంతులవారీగా, 7 రౌండ్లలో ఎంచుకునే ఏటేటి కార్యక్రమమే డ్రాఫ్ట్. ప్లేఆఫ్స్‌కు, అంటే నాకౌట్ దశకు, చేరని 18 జట్లలో అందరికంటే అధ్వానంగా ఆడిన జట్టుకు మొదటి వంతు (పిక్) దక్కుతుంది. రెండు జట్ల గెలుపోటములు సమానమైతే, తేలికైన ప్రత్యర్థులతో ఆడి కూడా ఓడిన జట్టును మరింత బలహీనమైనదిగా లెక్కగట్టి దానికే ముందు వంతు ఇస్తారు. బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఉన్నట్లు ఇక్కడ లాటరీ లేదు. అందువల్ల అట్టడుగున నిలిచిన జట్టుకు ఆ ఏటి మేటి క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకునే హక్కు నేరుగా వచ్చేస్తుంది.

అలాగైతే జట్లు కావాలనే ఓడిపోవచ్చు కదా?

ఈ అనుమానం ప్రతి డిసెంబరులోనూ తలెత్తుతుంది. 2011లో తమ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ మెడ గాయంతో సీజన్ అంతా బయటే కూర్చోగా, ఇండియానాపోలిస్ కోల్ట్స్ 2 ఆటలు గెలిచి 14 ఓడిపోయింది. ఆ మరుసటి ఏడాది ఆండ్రూ లక్ మొదటి పిక్‌గా వచ్చి ఆ జట్టును 11 విజయాల దాకా తీసుకెళ్లాడు. ఇటువంటి ఉదాహరణ కళ్లముందు ఉన్నప్పుడు అభిమానులు ఓటమిని కోరుకోవడంలో వింతేమీ లేదు. మయామీ డాల్ఫిన్స్ మాజీ కోచ్ బ్రయన్ ఫ్లోరెస్, 2019లో ఓడిన ప్రతి ఆటకూ లక్ష డాలర్లు ఇస్తానని యజమాని తనతో అన్నాడని 2022లో కోర్టుకెక్కాడు. యజమాని దానిని ఖండించాడు. జట్టు ఉద్దేశపూర్వకంగా ఓడలేదని లీగ్ విచారణ తేల్చింది.

మైదానంలో ఉన్నవారి సంగతి వేరు. ఆటగాడికి తన ఒప్పందం, కోచ్‌కు తన ఉద్యోగం ముఖ్యం కాబట్టి, వచ్చే ఏడు రాబోయే కుర్రాడి కోసం వాళ్లెవరూ తమ ఆటను చెడగొట్టుకోరు. 2023 జనవరి 8న హ్యూస్టన్ టెక్సన్స్ జట్టు సీజన్ చివరి ఆటను కోల్ట్స్‌తో ఆడింది. ఓడితే మొదటి పిక్ ఖాయం. ఒక నిమిషం కూడా మిగలలేదు, నాలుగో, అంటే ఆఖరి ప్రయత్నం, ఇంకా 20 గజాలు కావాలి. ఓటమి చేతికి అందినట్లే. అంతలో డేవిస్ మిల్స్ గాలిలోకి విసిరిన బంతిని జోర్డన్ ఏకిన్స్ గోల్ గీత దాటి పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. అక్కడితో ఆగక, ఆ పైన దక్కే రెండు పాయింట్ల ప్రయత్నంలో కూడా బంతి అతనికే చేరి జట్టు 32-31తో గెలిచింది. ఆ గెలుపుతో మొదటి పిక్, అట్టడుగున మిగిలిన షికాగోకు వెళ్లిపోయింది, కోచ్ లవీ స్మిత్ ఉద్యోగం ఆ రాత్రే పోయింది.

న్యూయార్క్ జెట్స్ కథ కూడా ఇటువంటిదే. 2020లో వరుసగా 13 ఓడిన తరువాత, ఎవరూ ఊహించని విధంగా రామ్స్‌ను, ఆ వెంటనే బ్రౌన్స్‌ను ఓడించింది. అప్పటిదాకా దక్కుతాడనుకున్న ట్రెవర్ లారెన్స్ దాంతో 1-15తో (1 గెలుపు, 15 ఓటములు) అట్టడుగున నిలిచిన జాక్సన్‌విల్ జాగ్వార్స్ పాలయ్యాడు. రెండో పిక్‌తో జెట్స్ తెచ్చుకున్న జాక్ విల్సన్ ఆ జట్టులో నిలదొక్కుకోలేకపోయాడు.

మొదటి పిక్ దొరికితే దశ తిరిగినట్లేనా?

కాదు. 1998లో మొదటి ఇద్దరిలో ఎవరు మేలన్న దానిపై నిపుణుల మధ్య నిజంగానే వాదోపవాదాలు జరిగాయి. కోల్ట్స్ పేటన్ మానింగ్‌ను తీసుకుంది. మూడో స్థానం నుంచి రెండో స్థానానికి ఎగబాకడానికి భారీ మూల్యం చెల్లించిన శాన్ డియేగో చార్జర్స్ రయన్ లీఫ్‌ను తీసుకుంది. లీఫ్ తొలి ఏడాదిలో 2 టచ్‌డౌన్లు, 15 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థుల చేతికి చిక్కిన బంతులు) విసిరాడు. 2000లో ఆ జట్టు 1-15కు పడిపోయింది, ఆ పైన అతన్ని వదిలేసింది. ఇక ఓక్లాండ్ రైడర్స్ 2007లో మొదటి పిక్‌గా తెచ్చుకున్న జమార్కస్ రసెల్, మూడు సీజన్లు తిరిగేసరికి జట్టు బయట ఉన్నాడు.

చార్జర్స్ కథలో చాలామంది మరచిపోయే మలుపు ఒకటుంది. 1-15 పుణ్యమా అని దక్కిన 2001 మొదటి పిక్‌ను ఆ జట్టు అట్లాంటాకు అమ్ముకుంది. అట్లాంటా మైకల్ విక్‌ను తీసుకోగా, చార్జర్స్ బదులుగా వచ్చిన ఐదో పిక్‌తో పరుగుల వీరుడు లడేనియన్ టామ్లిన్‌సన్‌ను, రెండో రౌండ్ మొదట్లో డ్రూ బ్రీస్‌ను పట్టుకుంది. ఒక్కడి మీద అంతా ఒడ్డి దెబ్బతిన్న జట్టు, ఆ ఆశను ఇతరులకు అమ్మి కోలుకుంది. డ్రాఫ్ట్ చరిత్రలో ఇంతకంటే తెలివైన పని చేసిన జట్లు తక్కువే.

పై స్థానానికి ఎగబాకడానికి జట్లు ఎంత చెల్లిస్తాయి?

తరచుగా, చెల్లించకూడనంత. 2012లో వాషింగ్టన్ జట్టు రెండో పిక్ కోసం మూడు మొదటి రౌండ్ పిక్‌లను, ఒక రెండో రౌండ్ పిక్‌ను రామ్స్‌కు ఇచ్చి రాబర్ట్ గ్రిఫిన్‌ను తెచ్చుకుంది. తొలి ఏడాది అతను అద్భుతంగా ఆడాడు, కానీ 2013 జనవరిలో సియాటిల్‌తో ప్లేఆఫ్ ఆటలో మోకాలు దెబ్బతిన్న తరువాత మళ్లీ ఆ స్థాయి అందుకోలేదు. అదే డ్రాఫ్ట్ నాలుగో రౌండ్‌లో అదే జట్టు తీసుకున్న కర్క్ కజిన్స్ తరువాత చాలా ఏళ్లు లీగ్‌లో నిలిచాడు.

కరోలినా పాంథర్స్ వ్యవహారం ఇంకా విడ్డూరం. టెక్సన్స్ గెలుపుతో షికాగోకు చేరిన 2023 మొదటి పిక్ కోసం, కరోలినా 9వ పిక్‌ను, 61వ పిక్‌ను, 2024 మొదటి రౌండ్ పిక్‌ను, 2025 రెండో రౌండ్ పిక్‌ను ఇవ్వడమే కాక, తన మేటి రిసీవర్ డీజే మూర్‌ను కూడా ధారపోసింది. కొత్త క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుంటూ అతను బంతి విసరవలసిన మనిషినే అమ్ముకున్నారన్నమాట. వచ్చిన కుర్రాడు బ్రైస్ యంగ్. ఆ ఏడాది జట్టు 2-15తో లీగ్‌లో చివరన నిలిచింది. దాంతో షికాగోకు ఇచ్చేసిన 2024 పిక్ మళ్లీ మొదటి పిక్ అయి కూర్చుంది, షికాగో దానితో కేలబ్ విలియమ్స్‌ను తీసుకుంది. ఇటు, మొదటి పిక్ చేజారిందని అభిమానులు వాపోయిన హ్యూస్టన్, రెండో పిక్‌గా వచ్చిన సీజే స్ట్రౌడ్‌తో ఒక్క ఏడాదిలో 3 విజయాల నుంచి 10 విజయాలకు ఎదిగింది.

ఒకే కుర్రాడు ఒక జట్టులో వెలిగి, ఇంకో జట్టులో ఎందుకు ఆరిపోతాడు?

అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు చాలావరకు ఆ కుర్రాడి చేతిలో లేదు.

2002లో కొత్తగా పుట్టిన హ్యూస్టన్ జట్టు తన మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా డేవిడ్ కార్‌ను తీసుకుంది. అతన్ని కాపాడవలసిన ఆఫెన్సివ్ లైన్ ఏమాత్రం కుదురుకోలేదు. ఆ సీజన్‌లో అతను 76 సార్లు సాక్ అయ్యాడు, అంటే బంతి విసిరేలోపే ప్రత్యర్థులు అతన్ని 76 సార్లు నేలకూల్చారు. ఇది ఇప్పటికీ చెరగని రికార్డు. ప్రతి రెండో క్షణంలో ఎవరో మీద పడతారని భయపడుతూ రిసీవర్ల వంక చూడటం మానేసిన క్వార్టర్‌బ్యాక్, తరువాత మంచి లైన్ దొరికినా ఆ అలవాటును వదిలించుకోవడం కష్టం.

కోచ్ మారితే ఏమవుతుందో జారెడ్ గాఫ్‌ను చూస్తే తెలుస్తుంది. 2016లో మొదటి పిక్‌గా రామ్స్‌కు వచ్చి, ఆ ఏడాది ఆడిన 7 ఆటలూ ఓడిపోయాడు. పనికిరాడని చాలామంది తేల్చేశారు. 2017 జనవరిలో 30 ఏళ్ల షాన్ మెక్‌వే కోచ్‌గా వచ్చాడు. ఎడమ వైపు కాపలాకు ఆండ్రూ విట్‌వర్త్ అనే అనుభవజ్ఞుడిని తెచ్చారు. అదే గాఫ్, అదే చెయ్యి, ఆ సీజన్‌లో జట్టుకు 11 విజయాలు దక్కాయి. మరుసటి ఏడు రామ్స్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లింది. ట్రెవర్ లారెన్స్‌దీ ఇదే దారి. అర్బన్ మేయర్ కోచ్‌గా ఉన్న తొలి సీజన్ సగంలోనే అభాసుపాలై, 13 ఆటలకే కోచ్‌ను తొలగించారు. లారెన్స్ రెండో ఏడాదిలో డగ్ పీడర్సన్ కోచ్‌గా రాగా జాక్సన్‌విల్ ప్లేఆఫ్స్ చేరింది. చార్జర్స్‌తో ఆడిన తొలి ప్లేఆఫ్ ఆటలో లారెన్స్ మొదటి సగంలో 4 ఇంటర్‌సెప్షన్లు విసిరి జట్టును 0-27 వెనుకబాటులో పడేశాడు, చివరికి తనే 31-30తో గెలిపించాడు. తొలి ఏడాది వాతావరణంలో అటువంటి సగం ఆట తరువాత అతను తల ఎత్తగలిగేవాడా అంటే నాకు అనుమానమే.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ కూడా లేకపోలేదు. సిన్సినాటి బెంగాల్స్ 2019లో 2-14తో అట్టడుగున ఉండి జో బరోను తెచ్చుకుంది. లైన్ అధ్వానంగానే ఉంది, తొలి ఏడాది నవంబరులోనే అతని మోకాలు దెబ్బతింది. అయినా మరుసటి ఏడాది 51 సార్లు సాక్ అవుతూనే, టెనెసీతో ప్లేఆఫ్ ఆటలో 9 సార్లు నేలకూలి కూడా గెలిపిస్తూ, జట్టును సూపర్ బౌల్‌కు చేర్చాడు. అక్కడ 23-20తో రామ్స్ గెలిచింది. అటువంటి వాళ్లు ఒకరిద్దరే ఉంటారు. బరోను చూసి లైన్ గురించి పట్టించుకోనవసరం లేదనుకున్న జట్టు చేతులు కాలాక ఆకులు పట్టుకోవలసిందే.

క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ పేరు ఎప్పుడూ ఈ చర్చలోకి ఎందుకు వస్తుంది?

1999లో లీగ్‌లోకి తిరిగి వచ్చి టిమ్ కౌచ్‌ను మొదటి పిక్‌గా తీసుకున్ననాటి నుంచి ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్‌లను మారుస్తూనే ఉంది. 2007లో బ్రేడీ క్విన్, 2012లో అప్పటికే 28 ఏళ్లున్న బ్రాండన్ వీడెన్, 2014లో జానీ మాన్‌జెల్, ముగ్గురినీ సరిగ్గా 22వ పిక్‌తోనే తీసుకుని ముగ్గురితోనూ భంగపడింది. 2016లో 1-15, 2017లో 0-16.

2017 డ్రాఫ్ట్‌లో 12వ పిక్‌ను బ్రౌన్స్ హ్యూస్టన్‌కు ఇచ్చేసింది. హ్యూస్టన్ దానితో డిషాన్ వాట్సన్‌ను తీసుకుంది. ఐదేళ్ల తరువాత అదే వాట్సన్ కోసం బ్రౌన్స్ మూడు మొదటి రౌండ్ పిక్‌లు సమర్పించుకుని, పూర్తి హామీతో ఐదేళ్లకు 23 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. అప్పటికే అతని మీద ఇరవై మందికి పైగా మహిళలు లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు చేసి ఉన్నారు. లీగ్ అతన్ని 2022లో 11 ఆటలకు సస్పెండ్ చేసింది. తరువాత భుజం గాయం, 2024లో మడమ నరం తెగడం. ఈ ఒప్పందం కోసం సాగనంపిన బేకర్ మేఫీల్డ్, 2018లో బ్రౌన్స్ మొదటి పిక్‌గా తెచ్చుకున్నవాడే. అతను టాంపా బేకు చేరి 2023లోనూ 2024లోనూ ఆ జట్టును డివిజన్ విజేతగా నిలిపాడు. దురదృష్టం అని సరిపెట్టుకోవడానికి ఇది చాలా ఎక్కువ. నిర్ణయం తీసుకునేవారిలో ఓర్పు లేకపోవడమే దీనికి కారణమని నేను అనుకుంటాను.

కొత్త కుర్రాడి వల్ల డబ్బు మిగులుతుందంటారు. ఎలా?

2025లో ఒక్కో జట్టు ఆటగాళ్ల మీద పెట్టగల ఖర్చుకు పరిమితి 27.92 కోట్ల డాలర్లు. డాలస్ కౌబాయ్స్ 2024లో డాక్ ప్రెస్కాట్‌తో కుదుర్చుకున్న ఒప్పందం సగటున ఏడాదికి 6 కోట్ల డాలర్లు. అదే 2024 మొదటి పిక్ కేలబ్ విలియమ్స్‌కు నాలుగేళ్లకూ కలిపి దక్కేది దాదాపు 3.95 కోట్లే. 2011 నాటి కార్మిక ఒప్పందానికి ముందు పరిస్థితి ఇలా లేదు. 2010 మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు హామీగానే 5 కోట్లు దక్కగా, మరుసటి ఏడాది కామ్ న్యూటన్‌కు మొత్తం నాలుగేళ్లకు 2.2 కోట్లే వచ్చాయి. ఆ మిగులుతో మంచి లైన్‌నూ రిసీవర్లనూ సమకూర్చుకోగలిగే కాలం నాలుగేళ్లే. మంచి బృందాన్ని కట్టడం చేతగాని జట్లు ఆ నాలుగేళ్లనూ కోచ్‌లను మార్చడంలోనే కరిగించేస్తాయి.

డ్రాఫ్ట్ కోసం ఆగకుండా పేరున్న అనుభవజ్ఞుడిని తెచ్చుకుంటే?

మిగతా జట్టు సిద్ధంగా ఉంటే అది పనిచేస్తుంది. టామ్ బ్రేడీ 2020లో టాంపా బేకు, మాథ్యూ స్టాఫర్డ్ 2021లో రామ్స్‌కు వచ్చిన తొలి ఏడాదే ఆ జట్లు సూపర్ బౌల్ గెలిచాయి. రెండు చోట్లా రక్షణ దళాలు అప్పటికే పటిష్ఠంగా ఉన్నాయి.

జెట్స్ 2023లో ఆరన్ రాజర్స్‌ను తెచ్చుకుని, సెప్టెంబరు 11న సొంత మైదానంలో కొత్త యుగం మొదలవుతుందని కొండంత ఆశ పెట్టుకుంది. నాలుగో ఎత్తుకే అతని మడమ నరం తెగిపోయింది. డెన్వర్ 2022లో రసెల్ విల్సన్ కోసం రెండు మొదటి రౌండ్, రెండు రెండో రౌండ్ పిక్‌లు ఇచ్చి, రెండు సీజన్లకే వదిలేసి, దాదాపు 8.5 కోట్ల డాలర్ల భారాన్ని ఖర్చు పరిమితి లెక్కల్లో మోయవలసి వచ్చింది. మరుసటి సీజన్‌లోనే 12వ పిక్‌గా వచ్చిన బో నిక్స్‌తో ప్లేఆఫ్స్ చేరింది.

పీడకలలాంటి సీజన్ నుంచి నిజంగా గట్టెక్కిన జట్టు ఏదంటే న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ పేరు చెప్పాలి. కట్రీనా తుఫాను వల్ల 2005లో సొంత మైదానమే లేక 3-13తో ముగించిన ఆ జట్టు, భుజానికి శస్త్రచికిత్స జరిగి ఇతరులు వెనుకాడిన డ్రూ బ్రీస్‌ను 2006లో తెచ్చుకుంది. అదే ఏడాది షాన్ పేటన్ కోచ్‌గా వచ్చాడు. ఇద్దరూ కలిసి ఎదిగి, 2010 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచారు.

చివరి రౌండ్లలో మేటి క్వార్టర్‌బ్యాక్ దొరికే అవకాశం ఉందా?

ఉంది, కానీ దాన్ని ప్రణాళికగా పెట్టుకోకూడదు. బ్రేడీ 2000లో 199వ పిక్. 2022లో అందరికంటే చివరి పిక్ అయిన బ్రాక్ పర్డీ, అంటే 262వ వాడు, శాన్ ఫ్రాన్సిస్కోను రెండేళ్లలో సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు. ఇద్దరూ చేరినది క్రమశిక్షణ గల కోచ్‌ల దగ్గరికే.

కొత్తవాడిని వెంటనే ఆడించాలా, కూర్చోబెట్టాలా?

కూర్చోబెట్టగలిగే జట్టు అదృష్టవంతురాలు. కాన్సస్ సిటీ 2016లో 12 ఆటలు గెలిచి కూడా, 2017లో 27వ స్థానం నుంచి 10వ స్థానానికి ఎగబాకి పాట్రిక్ మహోమ్స్‌ను తీసుకుంది, దాదాపు ఆ ఏడాదంతా ఆలెక్స్ స్మిత్ వెనుక నేర్చుకోనిచ్చింది. ఓడుతున్న జట్టుకు ఆ వెసులుబాటు ఉండదు. టికెట్లు కొన్నవారు, యజమాని, టీవీ వ్యాఖ్యాతలు మూడో వారానికే కుర్రాడిని దింపమని గోల పెడతారు.

నచ్చని జట్టుకు రానని ఆటగాడు చెప్పవచ్చా?

చెప్పినవాళ్లున్నారు. 1983లో జాన్ ఎల్వే బాల్టిమోర్‌కు ఆడనని, అవసరమైతే బేస్‌బాల్ ఆడుకుంటానని పట్టుబట్టి డెన్వర్‌కు మారాడు. 2004లో ఈలై మానింగ్ చార్జర్స్‌కు వద్దన్నాడు. అయినా ఆ జట్టు అతన్నే ఎంచుకుని, వెంటనే న్యూయార్క్ జెయంట్స్‌కు ఇచ్చి ఫిలిప్ రివర్స్‌ను పుచ్చుకుంది. ఎల్వే, ఈలై ఇద్దరూ తరువాత రెండేసి సూపర్ బౌల్‌లు గెలిచారు. అభిమానులకు ఇది అహంకారంగా కనిపిస్తుంది కానీ, డేవిడ్ కార్‌కు పట్టిన గతి తెలిసినవారు వాళ్లను తప్పుపట్టలేరు.

ఎన్నాళ్లు ఓపిక పట్టాలి?

మానింగ్ తొలి ఏడాది 28 ఇంటర్‌సెప్షన్లు విసిరి 3-13తో ముగించాడు, రెండో ఏడాది 13-3. జాష్ ఆలెన్ తొలి ఏడాది విసిరిన బంతుల్లో 52.8 శాతమే చేరవలసిన వారికి చేరాయి, మూడో ఏడాదికి అతను లీగ్‌లోని అగ్రశ్రేణిలో ఉన్నాడు. మొదటి రౌండ్‌లో వచ్చినవాడి ఒప్పందాన్ని ఐదో ఏడాదికి పొడిగించాలో లేదో జట్టు మూడో సీజన్ ముగిశాక మే నెల మొదట్లో తేల్చుకోవాలి. అందుకే మూడేళ్లు సహజమైన గడువు. అయితే ఆ మూడేళ్లలో అతనికి ఒకే కోచ్, ఒకే పద్ధతి ఉన్నాయా అన్నది కూడా చూడాలి. 2018లో మూడో పిక్‌గా వచ్చిన శామ్ డార్నల్డ్‌ను జెట్స్ మూడేళ్లకే వదులుకుంది. అతను 2024లో మినెసోటాను 14 విజయాలకు నడిపించాడు.

డ్రాఫ్ట్‌ను భారతదేశం నుంచి ఏ సమయంలో చూడవచ్చు?

మొదటి రౌండ్ ఏప్రిల్ చివరి వారాల్లో ఒక గురువారం, అమెరికా తూర్పు తీర కాలమానంలో రాత్రి 8 గంటలకు మొదలవుతుంది. మనకు అది శుక్రవారం ఉదయం 5.30. అగ్రశ్రేణి క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు చాలావరకు తొలి గంటలోనే వెలువడతాయి కాబట్టి, ఆఫీసుకు బయలుదేరేలోపు అసలు వార్త తెలిసిపోతుంది.